కొక్కెం కింది లైన్లోకి జారిపోతే

48 పేజీల పిల్లల పుస్తకం. పేజీకి ఓ బొమ్మ, పక్కన ఐదారు లైన్లు. ఇందులో లైన్లు ఎక్కడ విరగాలి అన్న ఒక్క విషయం మీద మూడు నెలల శని, ఆదివారాలు ఖర్చుపెట్టానంటే మా టీమ్‌లో ఎవరూ నమ్మలేదు. "ఎంటర్ కొడితే పోయేదానికి ఇంత బిల్డప్పా?" అన్నాడు పక్క సీటు మిత్రుడు. ఎంటర్ కొడితే పోదు అని చెప్పడానికే ఈ టపా. కాస్త పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

పుస్తకం కొండ భాషలో. కొండల్లో మాట్లాడే ఏదో ఓ భాష అని కాదు, భాష పేరే కొండ. కూబి అని కూడా అంటారు. అరకు చుట్టుపక్కల కొండదొరలు మాట్లాడే ద్రావిడ భాష, అంటే మన తెలుగుకి చుట్టమే. 2011 జనాభా లెక్కల్లో దీన్ని మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు సుమారు 60 వేల మంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీని మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. మనకి అరకు అంటే రైలు, సొరంగాలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్, కాఫీ. ఆ కిరండూల్ రైల్లో మన వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు మాట్లాడుకునేదంతా ఒకే భాష అనుకుంటారు చాలామంది. కాదు. కొండ, కువి, పోర్జ, గదబ ఒకే సంతలో వినబడతాయి. బేరాల దగ్గర అందరికీ ఉమ్మడిగా పనికొచ్చేది ఆదివాసీ ఒరియా. మొత్తం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తయారుచేసే పని మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. అన్నిటికీ తెలుగు లిపే. ఇంట్లో మాట్లాడే భాషలో మొదట చదవడం నేర్చుకుని, అక్కణ్ణించి తెలుగులోకి రావాలన్నది ఆలోచన. లిపి తెలుగే కాబట్టి కంప్యూటర్ పరంగా ఏ సమస్యా ఉండదని మనలాంటివాళ్ళం తేలిగ్గా అనేస్తాం. ఫాంట్ ఉంది, కీబోర్డ్ ఉంది, ఇంకేం కావాలి? ఇంకేం కావాలో తర్వాత చెప్తాను.

మా బంధువుల ద్వారా పరిచయమైన ఓ మాస్టారున్నారు. డుంబ్రిగుడ వైపు ఓ చిన్న ఊళ్ళో పాఠాలు చెప్తారు, ఆయనా కొండదొరే. వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథలు, పిల్లలకి తెలిసిన చెట్లూ పిట్టల పేర్లూ కలిపి ఓ పుస్తకం రాసుకున్నారు. ప్రభుత్వం పుస్తకం కాదు, తన జేబులోంచీ ఇద్దరు ముగ్గురు మిత్రుల జేబుల్లోంచీ తీసి 500 కాపీలు వేయించుకుందామని. కొండ దిగి ఓ ప్రెస్‌లో డీటీపీ చేయించారు. ప్రూఫ్ చూస్తే ఏడుపొచ్చిందట. "బాబూ, మీరు కంప్యూటర్ వాళ్ళు గదా, ఓసారి చూడండి" అని వాట్సప్‌లో ఫోటోలు పంపారు. ఫోటోలు అప్‌లోడ్ అవడానికి ఆయన ఊరి పైనున్న రాళ్ళగుట్ట ఎక్కారని తర్వాత తెలిసింది. సిగ్నల్ అక్కడే వస్తుంది మరి.

సమస్య అర్థం కావాలంటే ముందు ఆ భాషలో ఉన్న ఓ శబ్దం గురించి చెప్పాలి. ఎవరైనా "ఇంకాస్త వడ్డించనా" అంటే నోరు తెరవకుండా "ఉహుఁ" అనో "ఉఁ ఉఁ" అనో అంటాం చూడండి. ఆ రెండో రకంలో, రెండు ఉకారాల మధ్య గొంతు ఓ క్షణం టక్కున మూసుకుని తెరుచుకుంటుంది. తెలుగులో దాన్ని శబ్దంగా లెక్కపెట్టం, అక్షరం లేదు. కొండ భాషలో అదొక హల్లు. క, త, ప లాగే. మాస్టారు దానికి అక్షరం పక్కన పైన ఓ చిన్న గుర్తు పెడతారు, అపాస్ట్రఫీలాగా. పిల్లలు దాన్ని "కొక్కెం" అంటారట. నేనూ అదే అంటాను.

ప్రూఫ్‌లో ఆ కొక్కెం కొన్నిచోట్ల లైను చివర పదంలోంచి ఊడిపోయి కింది లైను మొదట్లోకి వచ్చి కూర్చుంది. కొన్నిచోట్ల ఎడమ వైపు తిరిగుంది, కొన్నిచోట్ల కుడివైపు. కొన్నిచోట్ల అసలు లేదు. లేకపోవడానికి కారణం అడిగితే డీటీపీ చేసే అక్క దాపరికం లేకుండా చెప్పింది: "తమ్ముడూ, ఆ కామాలు లైన్లో ఇమడట్లేదు. సతాయిస్తున్నాయి. తీసేస్తే అర్థం మారిపోద్దా ఏంటి?"

మారిపోతుంది. హల్లు గదా, తీసేస్తే వేరే మాట అవుతుంది, లేదా ఏ మాటా కాదు. తెలుగు పుస్తకంలో ఓ అచ్చుతప్పు వస్తే పిల్లవాడికి ఇంకో వంద పుస్తకాలున్నాయి, పేపరుంది, సినిమా పోస్టరుంది, బస్సు మీద బోర్డుంది. ఈ పిల్లలకి తమ ఇంటి భాష అచ్చులో కనబడేది ఈ ఒకటి రెండు పుస్తకాల్లోనే. ఇందులో ఎలా ఉంటే అదే ఆ భాష స్పెల్లింగు. లేఔట్‌లో ఇమడలేదని ఓ హల్లు పోయిందంటే అది ఓ పుస్తకంలోంచి పోయినట్టు కాదు.

కొక్కెం ఒక్కటే కాదు, ఱ కూడా పోయింది. ఈ బండి ఱ మన చదువుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. పాత తెలుగులో ర, ఱ వేరు వేరు శబ్దాలు, తర్వాత కలిసిపోయాయి. కొండ భాషలో ఆ తేడా ఇవాళ్టికీ బతికే ఉంది. మనం పారేసుకున్నది చుట్టాలింట్లో భద్రంగా ఉందన్నమాట. అక్కేమో "పాత స్పెల్లింగులు" అనుకుని ఆ ఱలన్నిటినీ శ్రద్ధగా ర చేసింది. ఆవిణ్ణి అనడానికేం లేదు. ఇరవయ్యేళ్ళుగా పెళ్ళికార్డులు, కరపత్రాలు చేస్తున్న మనిషి, తప్పు కనిపిస్తే దిద్దడం ఆవిడ వృత్తిధర్మం. పైగా లైన్లు విరవడంలో ఆవిడ కన్ను మన అల్గారిథమ్‌ల కంటే చాలా మెరుగు.

అదెందుకంటారా? ఇక్కడో చిన్న పిడకల వేట. ప్రెస్సుల్లో వాడే పాత తెలుగు ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరాలుండవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు అద్దెకుంటాయి. ఓ గదిలో తలకట్టు, ఇంకో గదిలో గుడి, మరో గదిలో వత్తు. 26 పెద్దవీ 26 చిన్నవీ చాలవు కాబట్టి హైఫన్, బ్రాకెట్, స్లాష్ గదులు కూడా అద్దెకిచ్చేస్తారు. సాఫ్ట్‌వేర్‌కి కనబడేది తెలుగు కాదు, పిచ్చి ఇంగ్లీషు. హైఫన్ గదిలో ఉన్న ముక్క కనబడగానే "ఆహా, ఇక్కడ విరవచ్చు" అనుకుని విరుస్తుంది. వత్తు కింది లైన్లోకి పోతుంది. అందుకని డీటీపీవాళ్ళు ప్రతి లైనూ కంటితో చూసి, షిఫ్ట్ ఎంటర్ కొట్టి చేత్తో విరుస్తారు. మన తెలుగు పుస్తకాలు చాలావాటిలో లైన్లు చక్కగా ఉన్నాయంటే దాని వెనకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, ఇలాంటి అక్కయ్యల కళ్ళు. కానీ ఆ కన్నుకి తెలుగు తెలుసు, కొండ తెలీదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఫైలంతా యూనికోడ్‌లోకి మార్చాను. ఱలు, కొక్కేలు మాస్టారి చేతిరాత ప్రతి చూసి ఒక్కొక్కటీ తిరిగి పెట్టాం. ఆయన ఫోన్లో చదవడం, నేను కొట్టడం. మార్చిన ఫైల్లో కొక్కెం మూడు రకాలుగా తేలింది. ఒకటి నిలువు అపాస్ట్రఫీ, ఒకటి ఎడమ కోటు, ఒకటి కుడి కోటు. సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ కోట్స్ అని ఓ తెలివైన సదుపాయం ఉంటుంది గదా, దాని పుణ్యం. ఒక హల్లుకి మూడు కోడ్‌లు. వెతికితే దొరకదు, రెండుసార్లు క్లిక్ చేస్తే సగం పదమే సెలెక్ట్ అవుతుంది. ఎందుకంటే ఇవేవీ యూనికోడ్ దృష్టిలో అక్షరాలు కావు, విరామ చిహ్నాలు. కానీ యూనికోడ్‌లో అచ్చం ఇలాగే కనబడే ఇంకో గుర్తుంది: మాడిఫైయర్ లెటర్ అపాస్ట్రఫీ. పేరులోనే ఉంది, అది లెటర్. పదంలో భాగం. ముందు మూడిటినీ దానిలోకి మార్చేశాను. కథల్లో ఎవరో మాట్లాడినచోట నిజమైన కోట్స్ కూడా ఉన్నాయి కాబట్టి గుడ్డిగా రీప్లేస్ ఆల్ కొట్టడానికి లేదు. రెండు శనివారాలు దానికే పోయాయి.

తీరా చూస్తే తెలుగు ఫాంట్‌లో ఆ గుర్తు లేదు. ఇంకో ఫాంట్‌లోంచి అరువు తెచ్చుకుని చూపిస్తోంది, సైజూ ఎత్తూ కుదరక పిల్లి మీసంలా ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంట్ తీసుకున్నాను కాబట్టి, ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి కొక్కెం బొమ్మ ఒకటి గీసి, పేరు మార్చి సేవ్ చేసుకున్నాను. ఇలాంటప్పుడే తెలుస్తుంది స్వేచ్ఛా లైసెన్స్ విలువ.

ఇప్పుడు అసలు రోగం. లైను ఎక్కడ విరగాలన్నదానికి యూనికోడ్ వాళ్ళ 14వ నంబరు అనుబంధం ఉంది. దాని లెక్క ప్రకారం తెలుగు అక్షరాలు మామూలు అక్షరాల వర్గంలోకే వస్తాయి, ఇంగ్లీషు ఎ, బి, సి లాగా. అంటే ఖాళీ దగ్గరే విరగాలి, పదం మధ్యలో విరగకూడదు. మంచిదే. కానీ పుస్తకంలో బొమ్మ పక్కన సన్నటి కాలమ్. అక్షరాలేమో పెద్దవి, 18 పాయింట్లు, ఒకటో తరగతి పిల్లలకి గదా. ద్రావిడ భాషల సంగతి తెలిసిందే, క్రియకి తోకలు తగిలిస్తూ పోతే పదం రైలుబండవుతుంది. పదం కాలమ్‌లో పట్టకపోతే? సాఫ్ట్‌వేర్‌కి రెండే దారులు. హైఫనేషన్ నియమాలుంటే వాటి ప్రకారం విరవడం. లేకపోతే అత్యవసర పరిస్థితి ప్రకటించి ఎక్కడపడితే అక్కడ నరకడం.

ఈ రెండో దారి ఎంత ఘోరమో చూడండి. ఎక్కడపడితే అక్కడ అంటే నిజంగా ఎక్కడైనా కాదు, ఓ "అక్షరం" తెగకుండా నరకాలి. ఆ అక్షరం అంటే ఏమిటో యూనికోడ్ 29వ అనుబంధం చెప్తుంది. అందులో 2023 దాకా మన సంయుక్తాక్షరం ఒక అక్షరం కాదు! "చెట్టు"లో "ట్" ఒక ముక్క, "టు" ఇంకో ముక్క. ఆ రెంటి మధ్యన నరికితే పై లైన్లో "చెట్", కింది లైన్లో "టు". వత్తు ఎగిరిపోయి పొల్లు ప్రత్యక్షమవుతుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి దీన్ని సరిచేశారు. పొల్లుతో అతుక్కున్న హల్లులన్నీ ఒకటే యూనిట్. కానీ కాగితం మీది నియమం మన మెషీన్లోని సాఫ్ట్‌వేర్ దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది, అది మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా కొక్కెం ఎలాగూ విడి యూనిట్టే. నరుకుడులో మొదట ఊడేది అదే.

ఈ గొడవ ఇంకెవరికైనా ఉందా అని వెతుకుతుంటే కెనడాలో తేలాను. అక్కడి ఉత్తరాన ఇన్యూట్ ప్రజల భాష ఇనుక్టిటుట్. ఆ భాషలో ఒక వాక్యమంత విషయం ఒకే పదంలో ఇమిడిపోతుంది. "నాకు సరిగా వినబడదు" అనడానికి "తుసాత్సియారున్నన్ఙిత్తువాలూయుంగ" లాంటి ఒకే పదం. అది సన్నటి కాలమ్‌లో పడితే లేఔట్ చేసేవాడి గతి ఆలోచించండి. వాళ్ళ లిపి కూడా మనకి మరీ పరాయిది కాదు. 1840లో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ క్రీ భాష కోసం తయారుచేసిన సిలబిక్స్ లిపిలోంచి అది వచ్చింది. ఆయన దేవనాగరి చూసి కొంత ఆలోచన తీసుకున్నాడంటారు. అచ్చు లేని హల్లుని చిన్న సైజులో పైన రాస్తారు. మన పొల్లు లాంటిదే, మాస్టారి కొక్కేనికి అన్నయ్య. అది కూడా దాని ముందున్న అక్షరాన్ని వదిలి కింది లైను మొదట్లోకి పోకూడదు. ఇంకో తమాషా ఏంటంటే, ఈ లిపిలో మామూలు హైఫన్ పెడితే ఓ చిన్న అక్షరంలా కనబడి పదమే మారిపోయే ప్రమాదముంది. అందుకని యూనికోడ్‌లో సిలబిక్స్ కోసం వేరే హైఫన్ ఉంది, 2009లో 5.2తో వచ్చింది. హైఫన్ కూడా అందరికీ ఒకటే కాదు చూడండి!

వాళ్ళకి 1999లో నునావుట్ అనే సొంత ప్రాంతం వచ్చింది, ప్రభుత్వ కాగితాలు ఆ భాషలో అచ్చవ్వాలి, కాబట్టి అడిగేవాళ్ళున్నారు. మనకి అడిగేవాడు ఒక మాస్టారు, రాళ్ళగుట్ట మీద నిలబడి.

ఇక మొదటి దారి, హైఫనేషన్. ఇందులో వాడే పద్ధతి ఫ్రాంక్ లియాంగ్ అనే ఆయన స్టాన్‌ఫర్డ్‌లో నూత్ దగ్గర చేసిన పరిశోధన, 1983 నాటిది. ఎంత అందమైనదంటే, అక్షరాల మధ్య అంకెలు పెడతారు. బేసి అంకె వస్తే విరవచ్చు, సరి అంకె వస్తే విరవకూడదు. ఒకే చోట రెండు అంకెలు పోటీపడితే పెద్దది నెగ్గుతుంది. అంతే. తెలుగుకీ మిగతా భారతీయ భాషలకీ ఈ ప్యాటర్న్‌లు సంతోష్ తొట్టింగల్ అనే మలయాళీ ఇంజనీరు రాశారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా తెలుగు ప్యాటర్న్‌లు ఉన్నాయి. చాలా చిన్న ఫైలు. హల్లు ముందు 1, గుణింతం తర్వాత 1, పొల్లుకి రెండు పక్కలా 2. అంటే సంయుక్తాక్షరం తెగదు. మరి "సాఫ్ట్‌వేర్"లాంటి మాటలో ట్ తర్వాత వ వత్తు రాకుండా మనం నాన్ జాయినర్ పెడతాం గదా, దానికి రెండు పక్కలా 1. పొల్లు వైపు 2 నెగ్గుతుంది, వ వైపు 1 మిగులుతుంది. కాబట్టి పొల్లు పై లైన్లోనే ఉండి, "వేర్" కింది లైన్లోకి వస్తుంది. చూశారా, మనం కంటికి కనబడని అక్షరం అని విసుక్కునేది ఇక్కడ ఎంత బాగా పనిచేస్తోందో. మాస్టారు కూడా కొన్నిచోట్ల మూల పదానికీ తోకకీ మధ్య ఇలా పొల్లు విడిగా రాస్తారు, పిల్లలకి రెండు ముక్కలూ కనబడాలని. పాత ఫైల్లో అలాంటిచోట్ల స్పేస్ కొట్టి ఉంది. అవన్నీ నాన్ జాయినర్‌లు చేశాను.

కానీ కొండ పాఠానికి తెలుగు ప్యాటర్న్ తగిలిస్తే కొక్కెం మళ్ళీ ఊడింది. ఎందుకో ఇప్పటికే మీకు తట్టి ఉంటుంది. గుణింతం తర్వాత 1 ఉంది. ఆ గుణింతం పక్కన ఉన్నది కొక్కెం. కొక్కెం గురించి ఫైల్లో ఒక్క ముక్క లేదు. కాబట్టి 1 నెగ్గింది, విరిగింది. ఓ లైను కలిపితే పోతుంది: కొక్కేనికి ముందు 2. తర్వాత ఏం పెట్టాలి? 1 పెడితే కొక్కెం దగ్గర లైను ముగియొచ్చు. మాస్టార్ని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, రెండుసార్లు పైకి పలికి చూసుకుని అన్నారు: "బాబూ, ఆ చప్పుడంటేనే ఆగడం. లైను చివర ఎలాగూ ఆగుతాం గదా. పిల్లాడు కొక్కెం కోసం ఆగాడా, లైను అయిపోయిందని ఆగాడా, నాకెలా తెలుస్తుంది?"

ఈ మాట ఏ అనుబంధంలోనూ లేదు. కొక్కేనికి రెండు పక్కలా 2 పెట్టాను.

ఇంకో లెక్క కూడా తేడా వచ్చింది. లైను చివరా మొదటా కనీసం ఇన్ని అక్షరాలుండాలని సాఫ్ట్‌వేర్‌లో ఓ సెట్టింగుంటుంది. రెండు అని పెడితే రెండు అక్షరాలు వస్తాయనుకోకండి. అది కోడ్‌లు లెక్కపెడుతుంది. "కొ" అంటే దాని దృష్టిలో రెండు. "స్త్రీ" అంటే ఆరు! ఇంగ్లీషు వాడు పెట్టిన రూలుకి మన గుణింతాలతో సంబంధం లేదు. దీనికి సరైన మందు దొరకలేదు, అంకె నాలుగు చేసి సర్దుకున్నాను.

తర్వాత భాష పేరు దగ్గర ఆగిపోయాను. లేఔట్ సాఫ్ట్‌వేర్ జాబితాలో కొండ లేదు. తెలుగు అని పెడితేనే ప్యాటర్న్ పనిచేస్తుంది. అచ్చు పుస్తకానికి సరే, కాగితం మీద ట్యాగ్ ఎవరూ చూడరు. కానీ మాస్టారికి ఫోన్లో చదివే ప్రతి కూడా కావాలి, అది వెబ్ పేజీ. అక్కడ భాష ఏదో ప్రకటించాలి. అంతర్జాతీయ ప్రమాణంలో కొండ భాష కోడ్ ఏమిటో తెలుసా? కె.ఎఫ్.సి. నిజ్జంగా. వేయించిన కోడి కాదు, 60 వేల మంది మాతృభాష. తెలుగు లిపిలో రాసింది కాబట్టి "కె.ఎఫ్.సి-టెలు" అని రాయాలి. అలా రాస్తే బ్రౌజర్ "ఈ భాష నాకు తెలీదు" అని హైఫనేషన్ మానేస్తుంది. తెలుగు అని రాస్తే బుద్ధిగా పనిచేస్తుంది, కానీ కొక్కెం ఊడుతుంది, పైగా అది అబద్ధం. రేపు ఏ సెర్చ్ ఇంజనో, ఏ కార్పస్ తయారుచేసేవాడో దీన్ని ఎత్తుకుపోతే తప్పుల తడక తెలుగుగా లెక్కేస్తాడు. అసలే జనాభా లెక్కల్లో తప్ప ఎక్కడా కనబడని భాష. నేను నిజమే రాశాను. విరవచ్చు అన్నచోటల్లా సాఫ్ట్ హైఫన్‌లు స్క్రిప్టుతో ముందే దూర్చేశాను, బ్రౌజర్‌కి భాష తెలియాల్సిన అవసరం లేకుండా. లిపి తెలుగే కాబట్టి వత్తులూ గుణింతాలూ మామూలుగానే అతుక్కుంటాయి, వాటికి భాషతో పనిలేదు.

అన్నట్టు, ఇలాంటి బాధలు మనకి కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, దండలు వేస్తాం. ఆయన జీవితంలో పెద్ద భాగం సవర భాషకి పోసింది మాత్రం ఎవరూ వేదికల మీద గట్టిగా చెప్పరు. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసిన ఆయన సవర మాన్యువల్ అట్ట మీద భాష పేరు "సో:ర" అని ఉంటుంది, పదం మధ్యలో కోలన్‌తో. దీర్ఘానికి గుర్తు అది. ఆ కోలన్ దగ్గర లైను విరవకుండా కంపోజిటర్ ఎన్ని తంటాలు పడ్డాడో! సీసపు అచ్చుల రోజుల్లో కనీసం పక్కన నిలబడి "ఇక్కడ వద్దు నాయనా" అని చెప్పొచ్చు. అదే సవర భాషకి మంగేయి గొమాంగో 1936లో సొంత లిపి తయారుచేశారు, సొరాంగ్ సొంపెంగ్. అది యూనికోడ్‌లోకి 2012లో వచ్చింది. 76 ఏళ్ళు.

సరే, ప్యాటర్న్‌లన్నీ సరిచేసి, రెండు అంచులూ సమంగా జస్టిఫై చేసి, పీడీఎఫ్ పంపాను. ఒక్క కొక్కెం ఊడలేదు, ఒక్క వత్తు తెగలేదు. నాకైతే చాలా అందంగా కనబడింది. మాస్టారు రెండు రోజులకి ఫోన్ చేశారు. "బాగుంది బాబూ. కానీ ఒకటో తరగతి పిల్లలు పదం సగంలో ఆగి కింద వెతుక్కోలేరు. వేలు పెట్టి చదువుతారు గదా, వేలు తప్పిపోద్ది. అసలు విరవకుండా చెయ్యలేరా?"

మొదటి 30 పేజీలు ఒకటో తరగతివి. వాటికి జస్టిఫై తీసేశాను. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంటే పిల్లలకేం బాధ లేదు, అది పెద్దవాళ్ళ షోకు. కాలమ్ కాస్త వెడల్పు చేసి, బొమ్మ కాస్త తగ్గించి, ఏ పదమూ విరగకుండా పెట్టాం. ఇంకా ఆయన ప్రతి కథా పైకి చదివి ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టి పంపారు. లైను అక్కడ ముగించాం. అంటే చివరికి షిఫ్ట్ ఎంటరే, మా మిత్రుడు అన్నట్టు! కాకపోతే ఎక్కడ కొట్టాలో ఆ భాష మాట్లాడే మనిషి చెప్పాడు. వెనక ఉన్న 18 పేజీలు పెద్దపిల్లలకి, చిన్న అక్షరాలు, రెండు కాలమ్‌లు. అక్కడ మాత్రం నా ప్యాటర్న్ ఫైలు పనిచేస్తోంది. ఫోన్ ప్రతిలోనూ అంతే.

ప్రెస్ అక్క యూనికోడ్ ఫైలు చూసి మొదట మొహం చిట్లించింది. కీబోర్డులో కొక్కేనికీ ఱకీ చెరో కీ పెట్టి ఓ లేఔట్ చేసి ఇచ్చాను. రెండో రోజుకి ఆవిడే ఫోన్ చేసి, "తమ్ముడూ, 22వ పేజీలో ఇక్కడ కొక్కెం ఉండాలేమో, పై కథలో ఇదే మాటకి ఉంది గదా, మాస్టార్ని అడుగు" అంది. అడిగాను. ఉండాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకి: సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కాలేదు. కొనే స్తోమత లేనివాళ్ళకి ఉచితంగా దొరికే స్క్రైబస్ ఉంది, 2017లో వచ్చిన 1.5.3 నుంచి భారతీయ లిపులు సరిగా చూపిస్తోంది. ప్యాటర్న్ ఫైలు, కీబోర్డు లేఔటు, కొక్కెం ఉన్న ఫాంటు కావాలంటే మెయిలు రాయండి, పంపిస్తాను.

పుస్తకం చూసి కువి మాట్లాడే ఇంకో మాస్టారు కబురు పెట్టారు. కువిలోనూ ఈ గొంతు శబ్దం ఉంది. కానీ ఆయనకి గుర్తు పక్కన వద్దట, అక్షరం నెత్తిన కావాలట. నెత్తిన పెడితే లైను విరుపు సమస్య మొత్తం మాయమవుతుంది, ఎందుకంటే అది అక్షరానికి అతుక్కునే ఉంటుంది. కాకపోతే నెత్తిన ఇప్పటికే గుడి ఉంటుంది, గుడిదీర్ఘం ఉంటుంది, ఏత్వం ఉంటుంది. ఫాంట్‌లో వాటితో గుద్దుకోకుండా ఎక్కడ పెట్టాలో చూడాలి. వచ్చే నెల రెండో శనివారం పైకి వెళ్తున్నాను.